పిల్లికూత

మా చెల్లిని ఇంట్లో అందరం పిల్లి అంటాం. ఆ పేరు పెట్టింది నేనే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, దానికి మూడు. ఇద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. అది ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా ఛాతీలోంచి సన్నగా కుయ్యికుయ్యిమని వినబడేది. "అమ్మా, దీని లోపల పిల్లి ఉందే" అన్నాను. మర్నాడు డాక్టరు చెవి ఆనించి విని, "పెద్దమ్మాయి సరిగ్గానే చెప్పిందండీ, ఇవి పిల్లికూతలే, ఉబ్బసం ఛాయలున్నాయి, పెద్దయ్యేకొద్దీ తగ్గొచ్చు" అన్నాడు. తగ్గింది. పేరు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు దానికి ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరాడపిల్లల తల్లి. ఫోన్లో రోజుకు పదిసార్లు పిల్లీ అని పిలుస్తాను. పిలిచీ పిలిచీ, అది ఎక్కణ్ణించి వచ్చిన పేరో మర్చిపోయాను. మర్చిపోవడానికి ఇంకెవరికైనా హక్కుందేమోగానీ నాకు లేదు. ఎందుకో చెబుతాను.

నేను ఫార్మసీ కాలేజీ ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్ని. పదహారేళ్ళుగా మూడో సంవత్సరం పిల్లలకి ఒకటే ప్రయోగం చేయించి చూపిస్తున్నాను. మాంసం కొట్టునుంచి తాజాగా తెప్పించిన మేక గాలిగొట్టాన్ని ఉంగరాల్లా కోసి, వాటిని దారంతో కలిపికట్టి, గోరువెచ్చని ఉప్పునీళ్ళున్న గాజుగొట్టంలో వేలాడదీస్తాం. దారం రెండో కొస సెన్సరుకి ఉంటుంది. ఉంగరాలు బిగుసుకుంటే కంప్యూటరు తెర మీద గీత పైకి లేస్తుంది, వదులైతే కిందికి దిగుతుంది. అంతే. చూడ్డానికి ఏముంది అనిపిస్తుందిగానీ, మందుల చదువు సగం ఆ గీతలోనే ఉంది.

కణం పైపొర మీద రిసెప్టర్లుంటాయి. వాటిని తాళాలనీ, వచ్చే రసాయనాన్ని తాళంచెవి అనీ పుస్తకాల్లో రాస్తారు. నాకు ఆ పోలిక నచ్చదు. నేను బస్సులో సీట్లంటాను. రక్తంలో కొట్టుకొచ్చిన మందు వచ్చి సీట్లో కూర్చుంటుంది. అది కణం లోపలికి అడుగుపెట్టదు. కూర్చున్న బరువుకి సీటు కదులుతుంది, ఆ కదలిక లోపలున్నవాళ్ళకి తెలుస్తుంది, వాళ్ళు పక్కవాళ్ళకి చెబుతారు, చివరికి కండరం వదులవుతుంది. కబురు లోపలికి పోతుంది, తెచ్చినవాడు బయటే ఉంటాడు. ఆయాసానికి పీల్చే మందు చేసే పని అదే.

ఇక రెండోరకం మందులుంటాయి. ఇవి అదే సీట్లో చేరతాయిగానీ ఏ కబురూ చెప్పవు. "వీడు ప్రయాణికుడు కాదర్రా, సీటు మీద వేసిన కర్చీఫు" అంటాను. పిల్లలు నవ్వుతారు. దడకీ, వణుకుకీ వాడే మాత్ర అలాంటిదే. గుండె మీదున్న సీట్లలో కర్చీఫు వేస్తుంది, కంగారుపెట్టే కబురు అందదు, గుండె నిమ్మళంగా కొట్టుకుంటుంది. కాకపోతే దాదాపు అలాంటి సీట్లే గాలిగొట్టం గోడలోనూ ఉన్నాయి. ఆ పాత మాత్రకి గుండెకీ ఊపిరితిత్తికీ తేడా తెలీదు, ఖాళీ కనబడ్డచోటల్లా పరుచుకుంటుంది. ప్రయోగంలో ముందు ఆ మందు వేసి, తర్వాత ఉంగరాల్ని బిగిసేలా చేసి, ఆపైన వదులు చేసే మందు వేస్తాం. గీత దిగదు. చుక్క, ఇంకో చుక్క. అయినా దిగదు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు "మేడమ్, మెషీన్ చెడిపోయింది" అంటారు. "మెషీన్ బాగానే ఉందమ్మా, సీటు ఖాళీ లేదు" అంటాను నేను, చాలా గొప్పగా. ఈ మాత్ర ఇచ్చేముందు రోగికి ఉబ్బసం ఉందా అని అడగాలన్న ముక్క రాయనివాళ్ళకి పరీక్షలో రెండు మార్కులు కోసేస్తాను. కనికరం చూపను.

ఆ మాత్రే నేను రోజూ వేసుకుంటాను, పార్శ్వపు తలనొప్పికి. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఒక పట్టీ ఉంటుంది.

పిల్లికి ఆరోజు నాలుగోసారి డ్రైవింగ్ పరీక్ష. అది ఫిజియోథెరపీ చేస్తుంది. కొత్త ఉద్యోగంలో ఇళ్ళకి వెళ్ళి ముసలివాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించాలి, లైసెన్సు ఉంటేగానీ చేరనివ్వరు. బండి నడపడం రాక కాదు. పక్కన అధికారి కూర్చుంటే చాలు, దాని ఎడమకాలు క్లచ్చి మీద కుట్టుమిషనులా ఆడుతుంది, ఇంజను ఆగిపోతుంది. మూడోసారి ఆ అధికారి ఒక చేత్తో కాగితాలూ, ఇంకో చేత్తో తలుపు పిడీ పట్టుకుని, దూకడానికి సిద్ధంగా కూర్చున్నాడట.

పొద్దున్న ఏడున్నరకల్లా మా ఇంటికొచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"అక్కా, చెయ్యి వేసి చూడవే. ఎలా కొట్టుకుంటోందో చూడు. రాత్రినుంచీ ఒకటే దడ."

"పరీక్ష బండికా, నీకా? కూర్చో ముందు."

"నువ్వు వెటకారాలాడకు. ఈసారి పోతే ఉద్యోగం కూడా పోయినట్టే."

బ్యాగులోంచి పట్టీ తీసి, ఒక మాత్ర చించి దాని అరచేతిలో పెట్టాను. "ఇది వేసుకో. గంటలో చేతులు రాయిలా నిలబడతాయి."

"ఏమీ కాదుగా?"

"నేను రోజూ మింగుతున్నా, నాకేమైంది? ఊఁ, నోరు తెరువు. పిల్లివి వెళ్ళి పులివై తిరిగి రా."

అది నవ్వి మింగేసింది. మాత్రని చూడలేదు, నన్ను చూసి మింగింది. చెప్పానుగా, పిల్లీ అంటూనే ఇచ్చాను. జబ్బు పేరు పెట్టి పిలుస్తూ, ఆ జబ్బుకి పడని మందు నా చేత్తో నేనే ఇచ్చాను. నా విద్యార్థి ఎవరైనా ఇలా చేసుంటే వాళ్ళని ఎన్ని మాటలనేదాన్నో నాకు తెలుసు.

పరీక్ష మైదానానికి నేనూ వెళ్ళాను. కంచె అవతల నిలబడి చూస్తున్నాను. పిల్లి నాలుగు మలుపులూ గీత తగలకుండా తిప్పింది, ఎత్తు మీద ఆపి, వెనక్కి ఒక్క అంగుళం జారకుండా లేపింది. అధికారి తలూపి సంతకం పెట్టాడు. అది పరిగెత్తుకొచ్చి నా మెడకి వేళ్ళాడింది. "నీ మాత్ర మహత్యమే అక్కా!" అంది. నేనూ అలాగే అనుకున్నాను. పొగిడితే నాకు కాస్త ఒళ్ళు తెలీదు.

అప్పుడు దగ్గింది. మళ్ళీ దగ్గింది. ఒక పక్కకి వంగి కంచె పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ కుయ్యిమనే చప్పుడు, ఈసారి మూడడుగుల దూరంనుంచే వినబడింది.

బ్యాగు అడుగునుంచి ఇన్‌హేలరు తీసింది. దానిదగ్గర అది ఉన్నట్టే నాకు తెలీదు. పోయిన చలికాలం జలుబు చేసినప్పుడు డాక్టరిచ్చాడట. నాకు చెప్పే ఉంటుంది. నేను ఫోన్లో ఉపన్యాసాలివ్వడమేగానీ వినేది తక్కువ. రెండుసార్లు పీల్చింది. ఆగి, ఇంకో రెండుసార్లు. తేడా లేదు. ఇంకో రెండు. డబ్బాని ఊపి చూసి, ఖాళీ అయిపోయిందేమోనన్నట్టు నా వైపు చూసింది.

డబ్బా నిండుగానే ఉంది. ఎక్కడ నిలబడ్డదాన్ని అక్కడే కొయ్యబారిపోయాను. పదహారేళ్ళుగా తెర మీద చూస్తున్న గీత అది. చుక్క వెనక చుక్క వేసినా దిగని గీత. ఈసారి గాజుగొట్టంలో ఉన్నది నా చెల్లెలి గొంతు.

దానికి బండి నేర్పి, ఆరోజు వెంట వచ్చిన డ్రైవింగ్ మాస్టారు తన కారులోనే మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారిలో మరిదికి, అంటే పిల్లి మొగుడికి, ఫోన్ చేశాను. "ఏమైంది వదినా?" అన్నాడు. "దుమ్ము పడలేదయ్యా, కొంచెం ఆయాసం" అన్నాను. ఆ మైదానంలో దుమ్ము లేదు, అంతా తారే. ఆ అబద్ధం ఆలోచించకుండానే నా నోట్లోంచి ఊడిపడింది. పక్కన అది ముందు సీటుని రెండు చేతులతో పట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరికోసం పెనుగులాడుతోంది.

మరిది వాళ్ళిల్లు ఆసుపత్రి వెనక వీధిలోనే. మేము వెళ్ళేసరికి అతనూ, అమ్మా అత్యవసర విభాగం గుమ్మంలో ఉన్నారు. డ్యూటీ డాక్టరు చిన్న వయసావిడ, జుట్టు ముడేసుకుని చకచకా పనిచేస్తోంది. పిల్లిని మంచం మీద కూర్చోబెట్టి, వేలికి ఆక్సిజన్ చూపే క్లిప్పు తగిలించి, ఛాతీ వింటూనే అడిగింది.

"ఇంతకుముందు ఉబ్బసం ఉందా? ఈరోజు ఏమైనా మందులు వేసుకున్నారా? మాత్రలుగానీ, చుక్కలుగానీ, ఏవైనా సరే?"

అమ్మ చప్పున అందుకుంది. "చిన్నప్పుడుండేదండీ, తగ్గిపోయింది. మందులంటే మా పెద్దమ్మాయికి తెలుస్తుంది. మందుల కాలేజీలోనే పనిచేస్తుందండీ. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా దీన్నే అడుగుతాం. చెప్పవే."

అందరూ నన్నే చూశారు. అమ్మ మొహంలో ఆ భయంలో కూడా కాస్త గర్వం ఉంది. నా నోటికొచ్చింది ఒక్కటే మాట.

"లేదండీ. ఏమీ వేసుకోలేదు."

ఎందుకన్నానో చెప్పమంటే, సిగ్గు అని చెప్పగలను, భయం అని చెప్పగలను. అమ్మ ముందు, మరిది ముందు, నాకంటే పదిహేనేళ్ళు చిన్నదైన డాక్టరు ముందు మొహం చెల్లక అన్నాను. ఇంకో డోసుకి తగ్గిపోతుందిలే, ఎవరికీ తెలియనక్కర్లేదులే అని ఆశ కూడా పడ్డాను. తగ్గదని ప్రపంచంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరు? అయినా ఆశపడ్డాను.

మంచం తలవైపు గోడకి గడియారం ఉంది. పదకొండూ పన్నెండు. మందు వేయగానే టైము చూడటం నాకు ల్యాబులో అబ్బిన అలవాటు. మాస్కు పెట్టారు, అందులోంచి మందు పొగలా వస్తోంది. క్లిప్పు మీద అంకె ఎనభై తొమ్మిది. మరిది దాని అరికాళ్ళు రుద్దుతున్నాడు. అమ్మ పెదవులు కదుపుతోంది. పదకొండూ పదిహేడు, ఎనభై ఏడు. డాక్టరు "ఇంకోటి పెట్టండి" అంది. పిల్లి నావైపే చూస్తోంది. నేను గడియారం వైపు చూశాను. గోళ్ళు నీలంగా మారుతున్నాయి. కూతలు కూడా సన్నబడుతున్నాయి. తెలియనివాళ్ళు నయమవుతోందనుకుంటారు. గాలి ఆడకపోతే కూతకి కూడా దిక్కుండదు.

అప్పుడు డాక్టరు మణికట్టు పట్టుకుని నర్సుతో అంది: "ఇంత ఆయాసంలో నాడి పరిగెత్తాలి కదా. ఇంత నెమ్మదిగా ఉందేంటి?"

ఇంకో రెండు నిమిషాల్లో ఆవిడకి ఎలాగూ అర్థమైపోతుంది. ఆవిడ మందుల ట్రాలీ దగ్గరికి వెళితే, వెనకాలే వెళ్ళి, చెవిలో చెప్పాను. "పొద్దున్న ఏడూ నలభైకి నేను ఒక మాత్ర ఇచ్చాను. దడకి వాడేది. నలభై మిల్లీగ్రాములు." ఎదురుగా గడియారంలో పదకొండూ ఇరవయ్యొకటి.

నేను చెప్పింది చెల్లి మీద ప్రేమతోనా, దొరికిపోతానన్న భయంతోనా? ఎన్నిసార్లు ఎలా తిప్పి చూసుకున్నా, నాకు అనుకూలమైన జవాబు రావడం లేదు.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. "మీరు ఫార్మసీ కాలేజీలో పనిచేస్తారన్నారు కదా?"

"అవునండీ."

తిట్టలేదు. తిడితే బాగుండేది. వెంటనే తిరిగి, నర్సుకి వేరే మందుల పేర్లు చెప్పింది. ఆవిడ ఏం చేస్తోందో నాకు తెలుస్తోంది. మూసుకుపోయిన సీట్లనే నమ్ముకుని కూర్చోకుండా వేరే దారి పట్టింది. గాలిగొట్టాన్ని బిగించమని నరాలు పంపే కబురుకీ సీట్లుంటాయి, అవి వేరు. ఈసారి ఆ సీట్లలో కర్చీఫు వేయించింది. కండరాన్ని నేరుగా వదులు చేసే ఇంజక్షను సెలైనులో ఎక్కించింది. పీల్చే మందు మోతాదు కూడా పెంచింది, ఎక్కువమంది తోసుకెళితే కొందరికైనా సీటు దొరక్కపోదు కదా. ఎనభై ఆరు. ఎనభై ఆరు. ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి దాటాక అమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చింది. మధ్యాహ్నం ఒంటిగంటకి తొంభై ఐదు చూపించింది. అది వెనక్కి ఒరిగి కళ్ళు మూసుకుంది, భుజాలు కిందికి దిగాయి.

వరండాలో మరిది టీ తెచ్చిచ్చాడు. అమ్మ నా వీపు నిమిరి, "నువ్వా డాక్టరమ్మ చెవిలో ఏం చెప్పావోగానీ, అప్పట్నించే తేరుకుందే. నువ్వుండబట్టి సరిపోయింది" అంది. మరిది రెండు చేతులూ జోడించాడు. "వదినా, మీరు లేకపోతే ఈరోజు మా ఇల్లు ఏమైపోయేదో."

టీ గ్లాసు పక్కన పెట్టాను. "చేతులు దించవయ్యా" అన్నాను. "దాన్ని ఇక్కడికి తెచ్చింది నేనే. పొద్దున్న నా మాత్ర ఇచ్చాను. అది పడకే ఇదంతా."

అమ్మే ముందు తేరుకుంది. "తెలియక ఇచ్చావు. కావాలని ఇస్తావా ఏమిటి?"

"తెలుసమ్మా. తెలిసే, ఆ క్షణానికి తట్టలేదు."

"తట్టకపోవడం మాత్రం నేరమా? నేను పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం లేదూ?"

మరిది తన చెప్పుల వైపు చూశాడు. "పోనీలెండి వదినా. దాని దడ తగ్గిద్దామనే కదా ఇచ్చారు. మనిషి దక్కింది, చాలు" అన్నాడు. అంత సులువుగా క్షమించేశారు. డాక్టరు అడిగినప్పుడు నేనన్న మాట వాళ్ళిద్దరికీ గుర్తు రాలేదు. నేనూ గుర్తు చేయలేదు. సగం తప్పు ఒప్పుకుని మొత్తానికి క్షమాపణ పుచ్చేసుకున్నాను.

సాయంత్రం దాన్ని వార్డులోకి మార్చారు. అమ్మ పిల్లల్ని బడినుంచి తీసుకురావడానికి వెళ్ళింది, మరిది మందులకి కిందికి దిగాడు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని దాని దుప్పటి అనవసరంగా సర్దుతున్నాను. అది కళ్ళు తెరిచింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"మాత్ర సంగతి మీ మరిది చెప్పాడు."

"పిల్లీ..."

"దానికేముందిలే. నువ్వూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇన్‌హేలరు బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నదాన్ని, నాకుండొద్దూ బుద్ధి." ఆగి, ఊపిరి తీసుకుంది. "డాక్టరమ్మ అడిగింది కదక్కా, ఏమైనా వేసుకుందా అని. నాకు వినబడుతూనే ఉంది. చెబుదామంటే మాట పెగల్లేదు. మాస్కు తీసి చెబుదామని చెయ్యి ఎత్తాను. నువ్వే నా చెయ్యి పట్టుకుని మళ్ళీ పెట్టేశావు."

అది నిజం. ఈ ముక్క ఇందాక మీకు కూడా చెప్పలేదు. ఊపిరాడక మాస్కు పీకేస్తోందని అందరికీ అనిపించేలా, "ఉంచుకోమ్మా, ఉంచుకో" అంటూ దాని చెయ్యి గట్టిగా పట్టుకుని కిందికి దించాను. అది ఏం చెప్పబోతోందో నాకు తెలుసు.

నా కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. "నన్ను కొట్టవే" అన్నాను. అది కొట్టలేదు, నా చేయీ పట్టుకోలేదు. సీలింగు వైపు చూస్తూ అడిగింది.

"ఎంతసేపు ఊరుకున్నావు?"

టైము చూసి పెట్టుకునే మనిషిని. అబద్ధమాడటానికి కూడా లేదు. "తొమ్మిది నిమిషాలు."

"తొమ్మిదేనా?" అంది ఆశ్చర్యంగా. "నాకింకా చాలాసేపనిపించింది. నేను లేకపోతే పొద్దున్నే పిల్లలిద్దరికీ జడలెవరు వేస్తారా అని కూడా ఆలోచించేశానక్కా. అమ్మకి చేతులు నొప్పులు. మీ మరిదికి చేతకాదు. నువ్వున్నావులే, నువ్వు వేస్తావులే అనుకున్నాను."